పరారీలో ఉన్న ప్రభుత్వ వైరస్

ప్రభుత్వ ఆస్తి ఏదైనా కంటికి కనిపించాలి, కనిపించినదానికి ట్యాగు ఉండాలి, ట్యాగు ఉన్నదాన్ని ఏడాదికి రెండుసార్లు ఒక అధికారి వచ్చి కళ్లారా చూసి వెళ్లాలి అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎక్కడో ఏదో శాఖలో ఒక రోడ్డురోలరు పోయిందట. అది పోయిన సంగతి చాలా ఏళ్లకు గానీ ఎవరికీ తెలియలేదట. ఇకమీదట ఏదీ పోవడానికి వీల్లేదని పెద్దలు కంకణం కట్టుకున్నారు.

కంచెలపాలెం బైపాసు పక్కనున్న పశు సూక్ష్మజీవి పరిశోధన సంస్థలో ఆ ఉత్తర్వును పండగలా అమలు చేశారు. కుర్చీలకు ట్యాగులు వేశారు. ఫ్యాన్లకు వేశారు. ఫ్యాను తిరుగుతుంటే ట్యాగు మీది అక్షరాలు కనిపించవు గనక ఫ్యాన్లు ఆపేశారు. అప్పుడు మే నెల. గేటు దగ్గరి వేపచెట్టుకు మేకు దిగ్గొట్టి రేకు తగిలించారు. రాలిన ఆకులు ఆస్తి కిందికి వస్తాయా, రావా అని రాసి పైవాళ్ల జవాబు కోసం ఎదురుచూస్తూ, అప్పటిదాకా ఆవరణ ఊడవడం మానేశారు.

డాక్టర్ హైమావతి ఈ హడావుడిలో తలదూర్చలేదు. ఆమెకు తన కుందేళ్లే లోకం. ఆవులకు హెర్పిస్ వైరస్ ఒకటి వస్తుంది. నాలుగు రోజులు ముక్కు కారుతుంది, కళ్లు ఎర్రబడతాయి, తగ్గిపోతుంది. రైతు పీడ వదిలిందనుకుంటాడు. వదలదు. వైరస్ నరం వెంట పాకి, ముఖం వెనకాల ఉండే నరాల ముడిలో దూరి పడుకుంటుంది. ఆవును లారీ ఎక్కించినా, ఎండకు మాడ్చినా, చూలు బరువెక్కినా నిద్ర లేస్తుంది. అప్పుడు కడుపులోని దూడ పోయి నిండు చూడి ఆవు ఈసుకుపోతుంది. కంచెలపాలెంలో పాడి మీద బతికే ఇళ్లలో ఏటా ఈ ఏడుపే.

వైరస్ ఎక్కడ పడుకుంటోందో, ఎప్పుడు లేస్తోందో పట్టుకోవాలని హైమావతి దానికి ఒక గుర్తు తగిలించింది. ఆ గుర్తున్న వైరస్ పని చేస్తున్నచోట నీలం దీపం వేసి, పచ్చ కళ్లద్దాల్లోంచి చూస్తే మిణుగురులా ఆకుపచ్చగా మెరుస్తుంది. దొంగ కాలికి మువ్వ కట్టినట్టన్నమాట. దాన్ని పన్నెండు కుందేళ్ల కళ్లలో వేసింది. ఆరింటికి తను తయారుచేసిన టీకా ఇచ్చింది, ఆరింటికి ఇవ్వలేదు. వైరస్ పడుకున్నాక కొన్నాళ్లు కుందేళ్లను ప్రశాంతంగా ఉంచి, ఆ తరవాత చిన్న సూదిమందుతో లేపి చూడాలి. టీకా వేసినవాటిలో లేవకపోతే కంచెలపాలెం ఆవులు బతికినట్టే.

వార్షిక నివేదికలో ఆమె ఒకే ఒక్క వాక్యం రాసింది: “ట్యాగు చేసిన వైరస్‌ను కుందేళ్లలో ప్రవేశపెట్టడమైనది.”

ఆ వాక్యం ఆస్తుల భౌతిక ధ్రువీకరణాధికారి మాడుగుల సుదర్శనం గారి కంట పడింది. ఆయన ఆ వారంలోనే జీపు దిగారు. పొడుగ్గా, సన్నగా, మడత నలగని చొక్కాతో ఉంటారు. కంటికి కనిపించనిదేదీ లోకంలో లేనట్టేనని ఆయన నమ్మకం. దేవుడి విషయం అడిగితే మాత్రం అది తన పరిధిలోకి రాదనేవారు.

“సదరు వైరస్‌కు ట్యాగు వేసినది తమరేనా?”

“నేనేనండి. కానీ అది మీరనుకునే ట్యాగు...”

“ఎప్పుడు వేశారు?”

“మొదటిసారి వేసి మూడేళ్లయింది.”

సుదర్శనం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఉత్తర్వు రాకమునుపే ఉత్తర్వును పాటించిన ఉద్యోగిని నా యావత్తు సర్వీసులో దర్శించి ఉండలేదు.”

ఆమె నీలం దీపం వేసింది. ఆయన పచ్చ కళ్లద్దాలు పెట్టుకుని వంగారు. కుందేలు కంట్లో కొమ్మలు కొమ్మలుగా ఆకుపచ్చ వెలుగు. “ఆహా” అన్నారాయన. పన్నెండింటినీ చూసి పన్నెండుసార్లూ “ఆహా” అన్నారు.

తరవాత జరిగిన సభలో హైమావతికి శాలువా కప్పారు. ‘ఆదర్శ ట్యాగుదారు’ అని ఫలకం ఇచ్చారు. ఎన్నిసార్లు అడిగినా రాని పెద్ద ఫ్రీజరు వారం తిరక్కుండా లారీలో వచ్చి దిగింది. ఆ ట్యాగు వేరు, ఈ ట్యాగు వేరు అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. లోడు దించుతున్న ఫ్రీజరును చూసి మింగేసింది. ఒక అధికారి సంతోషంగా ఉంటే లోకానికొచ్చే నష్టమేమిటనుకుంది.

ఆరు నెలలకు సుదర్శనం గారు మళ్లీ వచ్చారు. ఈసారి ఆయన కింది పెదవి మీద గుత్తిగా పొక్కులున్నాయి. కళ్లద్దాలు పెట్టుకుని మొదటి కుందేలును చూశారు. రెండోదాన్ని చూశారు. పన్నెండూ చూశారు. అంతటా చీకటే.

“కుందేళ్లున్నవి. వైరస్ ఏదీ?”

“పడుకుందండి. నరాల ముడిలో దాక్కుంది. పని చేస్తుంటేనే మెరుస్తుంది. ఇప్పుడు ఏ పనీ చెయ్యడం లేదు.”

“ప్రభుత్వ ఆస్తి పనివేళల్లో నిద్రించుచున్నదా?”

మూలన కుందేళ్లకు గడ్డి వేస్తున్న అటెండరు యేసోబు ఎందుకో చప్పున నిటారుగా నిలబడ్డాడు.

“దాక్కున్నది అన్నారు. తమ అనుమతి తీసుకునే వెళ్లినదా?”

“వైరస్‌లు అడిగి వెళ్లవండి.”

“అయితే పరారీ అన్నమాట” అని ఆయన రాసుకున్నారు.

హైమావతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “మీ పెదవి మీద ఏమిటండీ అది?”

“ఇదా? సాలీడు పాకినది.”

“సాలీడు కాదు. అదీ ఈ వంశం వైరసే. చిన్నప్పుడెప్పుడో మీలోకి వచ్చి నరంలో పడుకుంది. ఎండలో తిరిగారు, ఒళ్లు అలిసింది, లేచింది. పోయిన నెల కనిపించిందా? లేదు కదా. కనిపించనంత మాత్రాన మిమ్మల్ని వదిలి పారిపోయినట్టా?”

సుదర్శనం గారు తెల్లబోయారు. కాసేపు ఆలోచించి, ఆ నీలం దీపం తన పెదవి మీదికి తిప్పమన్నారు. ఆమె తిప్పింది. అద్దం తెప్పించుకుని, పచ్చ కళ్లద్దాల్లోంచి తన పెదవిని తానే అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. మెరవలేదు. ఆయన నిట్టూర్చి నివేదికలో రాశారు: “ధ్రువీకరణాధికారి పెదవిపై గల వైరస్‌కు ట్యాగు లేనందున, అది ఈ సంస్థ నుండి తరలించబడినది కాదని నిర్ధారించడమైనది.”

డైరెక్టరు విశ్వనాథరాజు గారు రిటైరుమెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఏ గొడవా లేకుండా దండ వేయించుకుని ఇంటికి పోవాలని ఆయన కోరిక. హైమావతిని పిలిచి బతిమాలారు.

“అమ్మా, పోయింది పోయిందనేద్దాం. పోలీసుల దగ్గర ఆచూకీ దొరకలేదని ఒక కాగితం తెచ్చావంటే ఆ పద్దు కొట్టేస్తారు. రోడ్డురోలరుకీ అలాగే చేశారట.”

హైమావతి స్టేషనుకు వెళ్లింది. ఎస్.ఐ. మర్యాదగా కుర్చీ వేయించాడు.

“ఏం పోయిందమ్మా?”

“వైరస్ అండి.”

“కంప్యూటర్లోదా? సైబరు వాళ్ల దగ్గరికెళ్లాలి.”

“కాదండి. కుందేలులోది.”

అతను పెన్ను మూసి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె మొదటినుంచీ చెప్పుకొచ్చింది. ఓపిగ్గా విన్నాడు.

“ఎవరు పట్టుకుపోయారు?”

“ఎవరూ పట్టుకుపోలేదు. అదే వెళ్లింది.”

“ఎక్కడికెళ్లిందో తెలుసా?”

“తెలుసు. ముఖం వెనక నరాల ముడిలో ఉంది.”

“ఇప్పుడూ అక్కడే ఉందా?”

“అక్కడే ఉందండి.”

“దొంగెవరో మీరే చెప్తన్నారు, యాడున్నాడో మీరే చెప్తన్నారు. ఆచూకీ లేదని నేనెట్టా రాసియ్యనమ్మా? రేపు కోర్టులో అడిగితే నా ఉద్యోగం పోద్ది.” టీ తెప్పించి, తాగించి పంపించాడు.

ఆ మాట విని సుదర్శనం గారు సంతోషించారు. పోలీసు శాఖే ఆస్తి ఉనికిని అంగీకరించింది గనక, ఇక చూపించడమే తరువాయి అన్నారు. చూపించడానికి కమిటీ వేశారు. ఒక కుందేలును కోసి నరాల ముడి బయటికి తీసి కమిటీ సమక్షంలో పెట్టాలని తీర్మానించారు.

“కోసినా కనిపించదండీ. నిద్రలో ఉన్నప్పుడు ముడిలో కూడా మెరవదు. మొన్ననే రాసిచ్చాను” అంది హైమావతి.

“రాసినది మేము చదివితిమి. చూడవలసినది మిగిలియున్నది” అన్నారు సుదర్శనం గారు.

ఆమె రెండు రోజులు పోట్లాడింది. మూడో రోజు డైరెక్టరు సంతకంతో ఆజ్ఞ వచ్చింది. టీకా వెయ్యనివాటిలో ఒకదాన్ని, ఎడమ చెవి చిరిగినదాన్ని, ఆమే ఎత్తుకుంది. ఇంకెవరో చేతకాక హింస పెట్టడం కంటే తన చేతి మీదుగా నొప్పి లేకుండా పోవడం మేలనుకుంది. దానికి యేసోబు రోజూ కొత్తిమీర కాడలు తెచ్చి పెట్టేవాడు. అతను గది బయటికి వెళ్లిపోయాడు.

బియ్యపు గింజంత ముడి. గాజు పలక మీద పెట్టి దీపం వేశారు. కమిటీవాళ్లు ఒకరి తరవాత ఒకరు వంగి చూశారు. చీకటే.

“ఇంతవరకు వైరస్ ఒక్కటే తక్కువ. ఇప్పుడు కుందేలు కూడా తగ్గినది” అని సుదర్శనం గారు దిగులుగా అన్నారు.

ఆ రోజంతా యేసోబు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఇంటికి వెళ్లి కంచం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకోలేక లేచిపోయింది.

మర్నాడు డైరెక్టరు మళ్లీ పిలిచారు. “కోసింది చాలు. దాన్ని లేపే మార్గం ఏదైనా ఉందా?”

“ఉందండి. నా ప్రణాళికలోనే ఉంది. ఇంకో మూడు వారాలాగితే సూదిమందిచ్చి...”

“మూడు వారాలా? మన శాఖ కమిషనరు గారు ఈ సోమవారమే వస్తున్నారు. మందు లేకుండా మామూలుగా ఎలా లేస్తుంది?”

“ఒత్తిడి పెరిగితే లేస్తుంది. భయం, చప్పుడు, ప్రయాణం...” అనేసి హైమావతి నాలుక కరుచుకుంది.

అప్పటికే డైరెక్టరు గారి ముఖం వెలిగిపోయింది. “ఒత్తిడే కదా! దానికి పైనుంచి నిధులెందుకమ్మా? ఒత్తిడి పెట్టడంలో మన శాఖకున్న అనుభవం ఇంకెవరికుంది?”

దానికి ‘సుప్త ఆస్తుల జాగృతి మహోత్సవం’ అని పేరు పెట్టారు. మూడు రోజుల కార్యక్రమం. షామియానా వేశారు. డప్పులవాళ్లను, బ్యాండుమేళాన్ని పిలిచారు. పొద్దున పూట కుందేళ్ల బోనులను టెంపోలో ఎక్కించి బైపాసు మీద స్పీడుబ్రేకర్ల మీదుగా తిప్పారు. మధ్యాహ్నం డప్పులు. సాయంత్రం ఉపన్యాసాలు. కమిషనరు గారు మైకు పట్టుకుని, పారదర్శకత అనగా ఏమి అన్న అంశం మీద రెండు గంటలు మాట్లాడారు. హైమావతి బోనుల మీద గుడ్డలు కప్పుదామని వెళ్తే, కప్పితే ఆస్తి కనిపించదని ఆపేశారు.

“డప్పులకి తట్టుకున్నాయమ్మా. ఈ స్పీచికే వణికిపోతన్నాయి” అన్నాడు యేసోబు. కుందేలు పోయాక అతను ఆమెతో అన్న మొదటి మాట అది.

మూడేళ్ల పని కళ్లముందే టెంపో ఎక్కి ఊరేగుతుంటే హైమావతి వేపచెట్టు కింద, ఊడవని ఆకుల మధ్య నిలబడి చూసింది. సూదిమందు కొలతగా ఇస్తాం, ఎంత ఒత్తిడి పెట్టామో లెక్క తెలుస్తుంది. కమిషనరు ఉపన్యాసానికి ఏం కొలతుంది?

నాలుగో రోజు అందరూ చీకటి గదిలో చేరారు. నీలం దీపం వేశారు. మొదటి కుందేలు కంట్లో ఆకుపచ్చ కొమ్మ మెరిసింది. చప్పట్లు కొట్టారు. ఇంకోటి మెరిసింది. ఇంకోటి. అయిదు మెరిశాయి. ఆరు మెరవలేదు.

హైమావతి ఆ ఆరింటి బోనుల మీది నంబర్లూ చూసింది. మళ్లీ చూసింది. మెరిసిన అయిదూ టీకా వెయ్యనివి. మెరవని ఆరూ వేసినవి. ఆమె అక్కడే నేల మీద కూలబడి, నవ్వుతూ ఏడ్చేసింది.

“యేసోబూ, చూశావా? లేవలేదు! ఇన్ని డప్పులకీ లేవలేదు! నా సూదిమందు వీటి ముందు ఏపాటిది? ఇంత గట్టి పరీక్ష ఎవరూ పెట్టి ఉండరు!”

యేసోబు మెరవని కుందేళ్ల వంక చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు.

“ఆరు కొరత” అన్నారు సుదర్శనం గారు, దీపం ఆర్పమని సైగ చేస్తూ.

ఆ మధ్యాహ్నమే విచారణ జరిగింది. కమిషనరు గారు మధ్యలో కూర్చున్నారు. సుదర్శనం గారు ప్రశ్నలడిగారు.

“ఆరు కుందేళ్లలో వైరస్ కనిపించకపోవుటకు కారణము తమ టీకాయే అంటారు?”

“టీకాయేనండి.”

“అనగా కొరతకు కారణము టీకా.”

“మీ భాషలో అంతే.”

“సదరు టీకాను సృష్టించినది తమరు.”

“నేనే.”

కమిషనరు గారు ముందుకు వంగారు. “ఇదే టీకా రాష్ట్రంలో ఉన్న ఆవులన్నిటికీ వేశామనుకోండి. మొత్తం మీద ఎంత వైరస్ కనిపించకుండా పోతుంది?”

“మన అదృష్టం బాగుంటే అంతా పోతుందండి.”

గదిలో గాలి ఆగిపోయినట్టయింది. ఫ్యాన్లు ఎలాగూ ఆగే ఉన్నాయి.

“అంత నష్టమా!” అన్నారు డైరెక్టరు విశ్వనాథరాజు గారు, గుండె మీద చెయ్యేసుకుని.

టీకా సీసాలన్నిటికీ ట్యాగులు వేసి ఫ్రీజరులో పెట్టాలని, ఏడాదికి రెండుసార్లు లెక్క చూడాలని, ఒక్క చుక్క కూడా తగ్గకూడదని ఉత్తర్వు ఇచ్చారు. అదే వారంలో వేరే విభాగం నుంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది: కంచెలపాలెం ఆవులకు ఆ టీకా ప్రయోగాత్మకంగా వెయ్యడానికి అనుమతిస్తున్నామని. ఆ అనుమతి కోసం ఆమె ఏడాదిగా తిరుగుతోంది. మొదటి కాగితం ముట్టుకోవద్దంది, రెండోది వెయ్యమంది. రెండింటి కిందా సంతకం ఒకటే.

ఆ రోజు శేషారత్నం గేటు దగ్గరికి వచ్చింది. నాలుగు ఆవుల మీద ఇల్లు గడుపుకునే మనిషి. కిందటేడు ఒకటి, అంతకు ముందేడు ఒకటి ఈసుకుపోయాయి.

“ఏమ్మా, మందు తయారైందంటగా?”

“తయారైంది.”

“మా గౌరికి అయిదో నెల. మరి ఎప్పుడేస్తావు?”

“సీసా తెరిస్తే మందు తగ్గిపోతుందంట, శేషారత్నం.”

శేషారత్నం అర్థంకాక ఆమె ముఖంలోకి చూసింది. “వాడితే తగ్గదా ఏంది? ఉప్పయినా తగ్గిద్ది.”

హైమావతి లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఫ్రీజరు దిగిన రోజు మింగేసిన మాట గుర్తొచ్చింది. కాసేపటికి లేచింది. రెండు కాగితాల్లో వెయ్యమన్నదాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. ఫ్రీజరు తెరిచింది. చంపిన వైరస్‌తో చేసిన టీకా అది, చూడి ఆవులకు భయం లేదు. యేసోబు ఐసుపెట్టె మోసుకొచ్చాడు. మధ్యాహ్నానికల్లా కంచెలపాలెంలో ఒక్క ఆవునూ వదలకుండా వేసేశారు.

కబురు వెళ్లింది. సుదర్శనం గారు వచ్చి ఫ్రీజరు తలుపు తీశారు. ఖాళీ సీసాలు వరసగా ఉన్నాయి, ట్యాగులు చెక్కుచెదరలేదు.

“ట్యాగులున్నవి. మందు ఏదీ?”

“ఆవుల్లో ఉందండి.”

“చూపించండి.”

“ఈనాలి. అప్పటిదాకా ఆగండి.”

హైమావతిని సస్పెండు చేశారు. ఆస్తి ఆవుల్లో ఉన్నదని ఆమె రాతపూర్వకంగా చెప్పింది గనక, అది బయటపడేదాకా నెలనెలా వెళ్లి పరిశీలించే బాధ్యత సుదర్శనం గారి మీద పడింది. ఆయన శేషారత్నం కొట్టంలో మంచం వేయించుకుని గౌరిని చూస్తూ కూర్చునేవారు. మొదటి నెల చొక్కాకు పేడ అంటిందని విసుక్కున్నారు. రెండో నెల మజ్జిగ పుచ్చుకున్నారు. మూడో నెలలో ఆవు మేత మానేసిందేమని తనే ముందు కనిపెట్టి శేషారత్నాన్ని కేకేశారు.

నెలలు నిండాయి. గౌరికి నొప్పులు మొదలయ్యాయని తెలిసి హైమావతి పరుగున వచ్చింది. ఉద్యోగం ఆపారు గానీ చేతులు ఆమెవే. దూడ కాలు అడ్డం పడింది. చెయ్యి లోపలికి పెట్టి సరిచేసి, ముందుకాళ్లకు తాడు కట్టింది. యేసోబు ఒక్కడి బలం చాలలేదు. “చూస్తా కూచుంటావేందయ్యా, పట్టుకో!” అని శేషారత్నం అరిచింది. సుదర్శనం గారు తాడు పట్టుకున్నారు. తన యావత్తు సర్వీసులో చూసి రాసుకోవడమే గాని, ఏదీ చేత్తో తాకి ఎరగరాయన. దూడ జారి బయటికొచ్చేసరికి ఆయన వెల్లకిలా గడ్డిలో పడ్డారు.

పెయ్యదూడ. తడితడిగా, తడబడుతూ లేచి నిలబడింది. శేషారత్నం పైట చెంగుతో దాని మూతి తుడిచింది. ఆ నెలలో కంచెలపాలెంలో మరో నాలుగు ఆవులు ఈనాయి. ఒక్కటీ ఈసుకుపోలేదు.

సుదర్శనం గారు ఉన్నదున్నట్టు నివేదిక పంపారు. వైరస్ కనిపించలేదు, టీకా కనిపించలేదు, అయిదు దూడలు కనిపించాయి అని. పైనుంచి జవాబు శేషారత్నం కొట్టానికే వచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని చదివి వినిపించారు. కనిపించవలసినవి కనిపించలేదు గనక హైమావతి సస్పెన్షన్ కొనసాగుతుంది. జాబితాలో లేని అయిదు దూడలను ఎవరి అనుమతితో చూశారో ధ్రువీకరణాధికారి వారంలోగా సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. “దూడలను చూచుటకు అనుమతి అవసరమని నాకు తెలియదు” అన్నారు మెల్లగా.

పక్క కొట్టంలోంచి ఆవు అరిచింది. హైమావతి అప్పటికే చీర కుచ్చిళ్లు దోపుకుని లేచింది.

“దానికీ నొప్పులొచ్చినట్టున్నాయి. ఆ కాగితం పక్కన పెట్టి తాడు తీసుకురండి, సుదర్శనం గారూ.”

ఆయన కాగితం ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూశారు. మంచం మీద పడేసి, తాడు అందుకుని ఆమె వెనకాల నడిచారు.